మూడు గంటల గీత... ఇరవై ఆరేళ్ల దిద్దుబాటు

‘బాగానే ఉంది గానీ... ఇంకా ఏదో కావాల!’

లోగోలు గీసేవాళ్లను అడిగి చూడండి. వాళ్లు నిద్రలో కూడా ఉలిక్కిపడే మాట ఇది. ‘బాగుంది’ అంటే పని అయిపోయినట్టు. ‘బాగాలేదు’ అంటే మళ్లీ మొదలుపెట్టాలన్నట్టు. రెంటికీ మధ్య వేలాడే ఆ ‘ఇంకా ఏదో’ దగ్గరే చిక్కంతా. అదేమిటో చెప్పేవాళ్లకూ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లెలో ఓ రైతు కుటుంబం ఉందనుకుందాం. ఏటా వడ్లు మిల్లుకు తోలి, వాళ్లిచ్చిన ధర పుచ్చుకోవడం కన్నా సొంతంగా బియ్యం పట్టించి, పాతిక కిలోల బస్తాలకెత్తి, సొంత పేరుతో అమ్ముకుందామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. మంచి ఆలోచనే! పేరు కుదిరింది. ఇక బస్తా మీదికి గుర్తు కావాలి. నంద్యాలలో డీటీపీ సెంటర్ నడిపే ఓ కుర్రాడికి పని అప్పజెప్పారు. అతను రెండు రోజులు కూర్చుని ఓ వరి కంకి, దాని వెనక పొడుస్తున్న సూర్యుడు... ముచ్చటగా గీసి చూపించాడు.

అక్కణ్నుంచీ మొదలైంది.

‘సూర్యుడు ఇంకొంచెం పెద్దగా ఉండాలప్పా’ అన్నాడు పెద్దాయన. ‘పసుపూ ఎరుపూ ఉంటే శుభం గదా నాయనా’ అంది ఇంటి పెద్దావిడ. ‘నంది బొమ్మ పెడితే నంద్యాల సరుకని చూడంగానే తెలిసిపోతాది’ అన్నాడు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మేనమామ. ‘పేరు ఇంగ్లీషులో ఉంటేనే హైదరాబాద్‌లో పోతాదన్నా’ అన్నాడు కొడుకు. కుర్రాడు ఎవరి మాటా కాదనలేదు. అన్నీ పెట్టాడు. తొమ్మిదోసారి తయారైన బొమ్మలో సూర్యుడున్నాడు, నంది ఉంది, కంకి ఉంది, రెండు భాషల్లో పేరుంది, ఓ మూల ట్రాక్టరు కూడా ఉంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే మాత్రం... అదొక మరక!

తప్పెవరిది? నిజానికి ఎవరిదీ కాదు. అందరూ తమకు ఏం నచ్చుతుందో చెప్పారు. ఆ గుర్తు ఏం పని చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కుర్రాడూ అడగలేదు.

ఉలి పడకముందే...

ఇదే ప్రాంతంలో మరో రకం డిజైనర్లున్నారు. వాళ్ల దగ్గర మౌసూ ఉండదు, చెరిపేసే మీటా ఉండదు. ఆళ్లగడ్డ శిల్పులు! రాతి విగ్రహాలకు ఆ ఊరు పెట్టింది పేరు. దేవతా మూర్తుల నుంచి నాయకుల విగ్రహాల దాకా అక్కడి పనివాళ్ల చేతుల్లో రూపు దిద్దుకుంటుంటాయి.

రాతి పనిలో ఓ సూత్రం ఉంది. మట్టి బొమ్మ చేసేవాడు తక్కువైతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీసేయొచ్చు. రాతిలో తీయడమే తప్ప కలపడం లేదు. ముక్కు కాస్త ఎక్కువ చెక్కితే ఆ ముక్కు ఇక తిరిగి రాదు. అందుకే మాటలన్నీ ముందే అయిపోవాలి. దేవుడి విగ్రహమైతే ధ్యాన శ్లోకం ఉంటుంది, చేతుల్లో ఏ ఆయుధాలుండాలో అది చెబుతుంది. ఒళ్లు ఎంత, ముఖం ఎంత అన్న లెక్క తాళమానం చెబుతుంది. గుడి కట్టించే పెద్దకూ, చెక్కే శిల్పికీ మధ్య పేచీ వస్తే తీర్చడానికి శాస్త్రం అనే మూడో మనిషి ఉన్నాడన్నమాట!

మనిషి విగ్రహానికి అలాంటి శ్లోకం లేదు. ఉన్నదల్లా ఇంటివాళ్లు తెచ్చే ఓ పాత ఫొటో. ‘మా నాయన ఇట్లా ఉండడు’ అని ఒకరంటారు. ‘ఈ చూపు ఆయనది కాదు’ అని ఇంకొకరంటారు. ఆ మాటలు మట్టి నమూనా దగ్గర వస్తే దిద్దుబాటు. రాయి దగ్గర వస్తే నష్టం. మాట అదే, వచ్చిన వేళను బట్టి విలువ మారిపోతుంది.

రాతికీ లోగోకీ ఏమిటి సంబంధం అంటారా? కంప్యూటర్‌లో గీత చెరపడం తేలికే. కానీ 5 వేల బస్తాలు అచ్చయ్యాక, ఆ గుర్తు జనం కళ్లకు అలవాటు పడ్డాక దాన్ని మార్చడం రాయిని మార్చడమంత కష్టం. కాబట్టి ఎప్పుడు చెప్పాలి, ఏం చెప్పాలి, ఎలా వినాలి అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి జవాబు వెతుక్కోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ఒక తెలుగు మాస్టారు గీసిన బొమ్మ, ఒక పెద్దమనిషి చెప్పిన మార్పులు, వాటి మీద దేశమంతా చేసిన వాదన... అన్నీ చరిత్రలో నమోదై ఉన్నాయి. ఆ బొమ్మ ఏటా ఆగస్టు 15న ప్రతి బడి ముందూ ఎగురుతూనే ఉంది!

బందరు మాస్టారి పట్టుదల

పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. ఆయనకున్నన్ని మారుపేర్లు బహుశా ఇంకెవరికీ ఉండవేమో! పత్తి మీద పరిశోధన చేస్తే ‘పత్తి వెంకయ్య’ అన్నారు. జపాన్ భాష నేర్చుకుంటే ‘జపాన్ వెంకయ్య’ అన్నారు. రత్నాల శాస్త్రం చదివితే ‘డైమండ్ వెంకయ్య’ అన్నారు. చివరికి నిలిచిపోయింది మాత్రం ‘జెండా వెంకయ్య’.

యువకుడిగా ఆయన బ్రిటిష్ సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే. తిరిగొచ్చాక బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో కాంగ్రెస్ సభల్లో బ్రిటిష్ జెండాయే ఎగిరేది. దేశానికి తనదంటూ ఓ జెండా ఉండొద్దా అన్నదే వెంకయ్య ఆరాటం. 1916లో ‘భారతదేశానికొక జాతీయ పతాకం’ అంటూ ఓ చిన్న పుస్తకం వేశారు. ప్రపంచ దేశాల జెండాలను వివరిస్తూ, మన దేశానికి ఎలాంటి జెండా ఉంటే బాగుంటుందో సుమారు 30 నమూనాలు అందులో ఇచ్చారు.

ముప్పై నమూనాలు! అడగకుండానే! అక్కడితో ఆగలేదు. ఏటా కాంగ్రెస్ మహాసభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లడం, కనిపించిన పెద్దలందరికీ తన జెండాల సంగతి చెప్పడం... నాలుగేళ్లపాటు ఇదే పని.

ఫలితం? ఏమీ లేదు. 1921లో ‘యంగ్ ఇండియా’ పత్రికలో గాంధీజీ ఈ సంగతి దాచకుండా రాశారు. వెంకయ్య పట్టుదలను మెచ్చుకుంటూనే, ఆయన నమూనాల్లో జాతి గుండెను కదిలించేది ఏదీ తనకు కనిపించలేదని చెప్పేశారు. రంగు మార్చమనో, గీత సన్నం చేయమనో కాదు... బొమ్మల్లో ప్రాణం లేదని! గీసినవాళ్లకు ఇంతకన్నా కష్టమైన మాట ఏముంటుంది?

కానీ ఆ మాటలో ఒక మేలుంది. ఆ జెండా ఏం పని చేయాలో అందులో ఉంది. అది అందంగా ఉంటే చాలదు, జాతిని కదిలించాలి. ముప్పై నమూనాలున్నా ఆ పని చేసే గుర్తు ఒక్కటీ దొరకలేదన్నమాట.

బెజవాడలో మూడు గంటలు

ఆ గుర్తు మరోచోటి నుంచి వచ్చింది. జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ ఒకసారి గాంధీజీతో రాట్నం గురించి మాట్లాడుతూ, మన స్వరాజ్య జెండా మీద రాట్నం ఉండాలన్నారు. గాంధీజీకి అది చప్పున తగిలింది. ఇన్నాళ్లూ వెతుకుతున్నది అదే!

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, పల్లెల్లో 20 లక్షల రాట్నాలు... ఈ మూడూ సాధించాలని తీర్మానించింది ఆ సమావేశంలోనే. రాట్నం ఊరూరా తిరగబోతున్న వేళ జెండా మీదికి కూడా రావడం ఎంత అతికినట్టుందో చూడండి!

అక్కడ గాంధీజీ వెంకయ్యను పిలిచారు. ఈసారి ‘ఏదైనా గీసి చూపించండి’ అనలేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులుండాలి, వాటి మీద రాట్నం ఉండాలి అన్నారు. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లింలకు గుర్తుగా. అంతే! నాలుగేళ్లలో కుదరని పని మూడు గంటల్లో అయిపోయింది.

వెంకయ్య నైపుణ్యం ఒక్కరోజులో పెరిగిందా? లేదు. అడగడంలో స్పష్టత వచ్చింది. అడిగిందే తడవుగా గీయగలిగేలా ఆయన చెయ్యి నాలుగేళ్లుగా సాధన చేసి ఉంది. రెండూ కలిసిన చోట మూడు గంటలు చాలు.

తీరా చూస్తే ఆ మూడు గంటలూ కాస్త ఎక్కువే అయ్యాయి. జెండా గాంధీజీ చేతికి అందేసరికి కమిటీ ముందు పెట్టే సమయం దాటిపోయింది. ఇంకొకరైతే విసుక్కునేవారే. గాంధీజీ మాత్రం ఆలస్యం కావడం మంచిదే అయిందన్నారు. ఎందుకంటే ఆ కాస్త వ్యవధిలో బొమ్మను మళ్లీ చూసుకుంటే ఓ పెద్ద లోటు కనిపించింది. ఇద్దరే ఉన్నారు... మిగిలినవాళ్లేరీ? సిక్కులు, క్రైస్తవులు, పార్శీలు, యూదులు ఈ దేశం వాళ్లు కారా? అందుకే తెలుపు చేర్చమన్నారు.

గమనించారా? ఆ లోటు బొమ్మ గీసినాయనది కాదు, అడిగినాయనదే! రెండు రంగులు చెప్పింది తానే. ఆ సంగతి పత్రికలో బాహాటంగా రాసి, తన మాటను తానే దిద్దుకున్నారు.

తెలుపు చేర్చి ఊరుకోలేదు. రంగుల వరస మీద కూడా ఆలోచన చేశారు. సంఖ్యలో తక్కువైనవాళ్ల తెలుపు పైన, తర్వాత పచ్చ, అందరికన్నా ఎక్కువైనవాళ్ల ఎరుపు అడుగున. బలమున్నవాళ్లు లేనివాళ్లకు కాపుగా నిలబడాలన్నది అందులోని భావం. మూడు పట్టీల వెడల్పూ సమానమే. ఎక్కువ తక్కువలు లేవని చెప్పడానికి! ‘తెలుపు ఉంటే బాగుంటుంది’ అని ఊరుకుంటే అది ఒకరి అభిరుచి. తెలుపు ఎందుకుండాలో, ఎక్కడుండాలో, ఎంత ఉండాలో చెబితే అది డిజైన్‌కు పనికొచ్చే మాట.

జనం చేతికొచ్చాక

గది గోడ మీద అందంగా కనిపించిన గుర్తు వీధిలోకొచ్చాక ఎలా ఉంటుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఆ జెండాను కాంగ్రెస్ లాంఛనంగా తీర్మానం చేసి ఆమోదించనే లేదు. అయినా జనం ఎత్తుకున్నారు. 1923లో నాగపూర్‌లో ఆ జెండా పట్టుకుని ఊరేగనీయకపోతే జెండా సత్యాగ్రహమే నడిచింది. దేశం నలుమూలల నుంచీ వెళ్లి జైళ్లు నింపారు. అంటే గుర్తు తన పని తాను చేసింది. జాతిని కదిలించింది!

కానీ వాడకంలోనే లోపాలూ బయటపడ్డాయి. రంగుకో మతం అని అర్థం చెప్పాక మాకో రంగు కావాలని ఎవరైనా అడుగుతారు కదా! సిక్కులు అదే అడిగారు. తమ రంగైనా చేర్చండి, లేదంటే రంగులకు మతాల అర్థమైనా తీసేయండి అన్నారు. ఇంకో తంటా కూడా ఉంది. పైన తెలుపు, మధ్యన పచ్చ, అడుగున ఎరుపు... రాట్నం తీసేస్తే అది అచ్చంగా బల్గేరియా జెండా! వాళ్లు 1879 నుంచీ ఎగరేస్తున్నారు.

1931 ఏప్రిల్‌లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఈ తగవు తేల్చడానికి ఏడుగురితో ఓ సంఘం వేసింది. పటేల్, నెహ్రూ, ఆజాద్, కాకా కలేల్కర్, హార్దికర్, మాస్టర్ తారాసింగ్, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. సిక్కుల తరఫున గట్టిగా మాట్లాడే తారాసింగ్‌ను బయట ఉంచకుండా లోపలే కూర్చోబెట్టారు. సంఘం కన్వీనర్ పట్టాభి. బందరు జాతీయ కళాశాల స్థాపకుల్లో ఆయనా ఒకరు. వెంకయ్య పాఠాలు చెప్పిన కళాశాలే అది! జెండా గీసిందీ, దాని మీద దేశం మాట అడిగి తెలుసుకునే బాధ్యత పడిందీ ఒకే ఊరి వాళ్ల మీదన్నమాట.

పట్టాభి రాష్ట్ర కాంగ్రెస్ సంఘాలకు ఓ ప్రశ్నావళి పంపారు. అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. మీ ప్రాంతంలో ఏ వర్గం వారికైనా ఈ జెండా నమూనా మీద పట్టించుకోవలసిన అభిప్రాయం ఏదైనా ఉందా? దీన్ని జనానికి ఇంకా దగ్గర చేయడానికి ప్రత్యేకంగా ఏమైనా సూచిస్తారా? ఇప్పుడున్న నమూనాలో సరిచేయవలసిన లోపం ఏదైనా ఉందా?

‘మీకు నచ్చిందా?’ అన్న ప్రశ్న అందులో లేదు! నచ్చడం నచ్చకపోవడం అడిగితే 30 కోట్ల మందీ 30 కోట్ల జవాబులు చెబుతారు. ఎవరైనా నొచ్చుకుంటున్నారా, ఇంకా దగ్గర చేసే దారేమిటి, లోపమెక్కడ అని అడిగితే పనికొచ్చే జవాబులు వస్తాయి.

సంఘం చెప్పినా... కాదన్నారు

అన్ని జవాబులూ విన్నాక ఏడుగురూ ఒక మాట మీదికొచ్చారు. జెండా మొత్తం ఒకే కాషాయ రంగులో ఉండాలి, కర్ర వైపు పై మూలన రాట్నం ఉండాలి. మతాల రంగుల గొడవే ఉండదు, ఏ దేశం జెండాతోనూ పోలిక ఉండదు అన్నది వాళ్ల లెక్క.

లెక్క సరిగ్గానే ఉంది. కానీ జనం పదేళ్లుగా మూడు రంగుల జెండాను గుండెలకు హత్తుకున్నారు. దాని కోసం దెబ్బలు తిన్నారు. 1931 ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ సిఫారసును ఒప్పుకోలేదు. అలాగని పాతదాన్నే పట్టుకుని కూర్చోనూ లేదు. మూడు రంగులు ఉంచింది. ఎరుపు బదులు కాషాయం తెచ్చింది. వరస మార్చింది... పైన కాషాయం, మధ్యన తెలుపు, అడుగున పచ్చ. తెలుపు పట్టీ నడుమ ముదురు నీలం రాట్నం.

అసలైన మార్పు మాత్రం కంటికి కనిపించేది కాదు. రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాశారు. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, పచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తు అన్నారు. రాట్నం సామాన్యుల ఆశకు గుర్తు. అందరినీ చేర్చడానికి రంగులు పెంచుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో కొత్తపల్లె బస్తా మీద చూశాం కదా! ఇక్కడ రంగులు పెంచలేదు, అర్థాన్ని వెడల్పు చేశారు. ఒక్క గీత కూడా చేర్చకుండానే అందరికీ చోటు దొరికింది.

రెండో వైపు నుంచి చూస్తే...

ఇంకో పదహారేళ్లు గడిచాయి. 1947 జూన్‌లో స్వతంత్ర భారత జెండా తేల్చడానికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన మరో సంఘం ఏర్పడింది. అంబేద్కర్, ఆజాద్, రాజాజీ, మున్షీ, సరోజినీ నాయుడు అందులో సభ్యులు. జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం పెట్టారు. ఖద్దరు పట్టుతో ఒకటి, ఖద్దరు నూలుతో ఒకటి రెండు జెండాలు తెచ్చి సభ్యులకు చూపించారు. రంగులు మూడూ ఉన్నాయి. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది.

ఎందుకు మార్చారో నెహ్రూ సభకు చెప్పిన కారణాల్లో ఒకటి మహా సాదాసీదాది. రాట్నానికి ఒకవైపు చక్రం, మరోవైపు కదురు ఉంటాయి. జెండాను ఒక పక్క నుంచి చూస్తే చక్రం కర్ర వైపుంటుంది, అవతలి పక్క నుంచి చూస్తే తారుమారవుతుంది. గోడకు తగిలించే పటానికి ఈ బాధ లేదు. గాలిలో ఎగిరే గుడ్డకు రెండు ముఖాలుంటాయి. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉండాలి. అందుకే రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచుకున్నామన్నారు. ఇరవై ఆరేళ్లు చేతుల్లో పట్టుకు తిరిగితే గానీ తేలని లోపం అది!

ఈ మార్పు అందరినీ సంతోషపెట్టలేదు. 1921లో రాట్నాన్ని జెండా ఎక్కించిన గాంధీజీయే నొచ్చుకున్నారు. చరఖా లేని జెండాకు తాను వందనం చేయనని ఆ ఆగస్టు మొదట్లో అన్నారు కూడా. ఆయన బాధ అర్థం చేసుకోదగిందే. చరఖా ఆయనకు గుర్తు మాత్రమే కాదు, బతుకు. అయినా ఆ జెండా అప్పటికి ఏ ఒక్కరిదీ కాదు. అడిగినవాళ్లదీ కాదు, గీసినవాళ్లదీ కాదు. ఎగరేసేవాళ్లది.

గీసిన చెయ్యి ఏమైంది?

తుది జెండా వెనక చాలా చేతులున్నాయి. నమూనా సిద్ధం చేయడంలో హైదరాబాద్‌తో అనుబంధమున్న సురయ్యా త్యాబ్జీ పాత్ర ఉందని కొందరు చరిత్రకారులు రాశారు. ఇన్ని చేతులు మారాక దీన్ని గీసింది ఫలానావారని ఒక్క పేరు చెప్పడం కష్టం. వెంకయ్య గీసిన జెండా ఇవాళ్టి జెండా ఒకటి కాదు. కానీ ఆ మొదటి గీత లేకుంటే దిద్దడానికి ఏముండేది?

వెంకయ్య 1963 జులై 4న కన్నుమూశారు. చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేయడానికి 2009 దాకా పట్టింది. 2022లో ఆయన జయంతినాడు మరోటి వచ్చింది. తన బొమ్మను నలుగురూ దిద్దుతుంటే అడ్డుపడకుండా ఊరుకోవడం ఒక గొప్పదనమే. కానీ ఆ ఊరుకున్నవాళ్ల పేరు నిలబెట్టే బాధ్యత అడిగినవాళ్లది, వాడుకున్నవాళ్లది. దాన్ని మన దేశం చాలా ఆలస్యంగా గుర్తించింది.

గుర్తుల గొడవ పాతకాలంతో అయిపోలేదు. 2014లో చిత్రకారుడు లక్ష్మణ్ ఏలె రూపొందించిన తెలంగాణ అధికార చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్నాయి. దాన్ని మారుస్తారని 2024లో వార్తలు వచ్చేసరికి ఆ రెండూ తీసేస్తారా అంటూ పెద్ద వాదనే రేగింది. జూన్ 2న విడుదల కావలసిన కొత్త చిహ్నం వాయిదా పడింది. జనం కళ్లకు అలవాటైన గుర్తులో ఏది తీసినా ‘మమ్మల్నే తీసేస్తున్నారా?’ అన్న ప్రశ్న వస్తుంది. 1921లో తెలుపు లేనప్పుడు వచ్చిన ప్రశ్నా అదే.

ఇంటి గుర్తుకూ అవే ప్రశ్నలు

దేశం జెండా ఎక్కడ, బియ్యం బస్తా ఎక్కడ అనుకోనక్కర్లేదు. దుకాణం బోర్డైనా, స్వయం సహాయక సంఘం పచ్చళ్ల సీసా మీది చీటీ అయినా, ఊరి బడి గుర్తయినా పట్టాభి ప్రశ్నలు సరిగ్గా సరిపోతాయి.

మొదట అడిగేవాళ్ల సంగతి. ఇంట్లో అందరూ మాట్లాడొచ్చు, కానీ డిజైనర్ దగ్గరికి వెళ్లే మాట ఒక్కటే కావాలి. అందరి అభిప్రాయాలూ ఇంట్లోనే తేల్చుకుని, ఒకే కాగితం మీద రాసి ఇవ్వాలి. అందులో ‘సూర్యుడు పెద్దగా’ అని కాకుండా ‘కొట్లో పది బస్తాల మధ్య మాది దూరం నుంచి కనిపించాలి’ అని రాయాలి. సూర్యుణ్ని పెంచాలో, పక్కనున్నవి తీసేయాలో గీసేవాళ్లు చూసుకుంటారు. ఏ రోగమో చెప్పకుండా ఫలానా మాత్రే రాయమంటే డాక్టరైనా ఏం చేస్తారు!

తర్వాత గీసేవాళ్ల సంగతి. ‘ఇంకా ఏదో కావాల’ అనగానే కంప్యూటర్ వైపు తిరగకూడదు. ‘ఏది చూస్తే మీకు వెలితిగా ఉందన్నా? ఇది ఎవరు కొంటారు? ఎక్కడ చూస్తారు?’ అని అడగాలి. చెప్పినవన్నీ చేర్చుకుంటూ పోవడం మర్యాద అనిపిస్తుంది గానీ మేలు కాదు. ఎందుకు వద్దో చెప్పగలిగితే ‘వద్దు’ కూడా సేవే. ‘పెద్దాయనా, నందినీ కంకినీ రెంటినీ పెడితే ఒక్కటీ గుర్తుండదు. మీకేది ముఖ్యమో చెప్పండి’ అంటే కాదనే రైతు ఉండడు.

ఆపైన వాడి చూడాలి. గుర్తును ఒకే రంగులో అచ్చు వేసి చూడాలి. బస్తా మీద స్క్రీన్ ప్రింటింగ్‌కు రంగు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది కదా! ఫోనులో గోరంత సైజులో చూడాలి. బస్తా నిండి ఉబ్బినప్పుడు, మూతి కుట్టినప్పుడు ఏ ముక్క మడతలో పోతుందో చూడాలి. బల్గేరియా సంగతి మరిచిపోకూడదు. అలాంటి గుర్తు మరెవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే వెతుక్కోవచ్చు. బియ్యం 30వ తరగతి కిందికి వస్తుంది. ఇవన్నీ 50 బస్తాలు కొట్టించి చూసుకున్నాకే 5 వేలకు వెళ్లాలి.

ఇక ఆఖరిది... గీసినవాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వడం. ఎన్నిసార్లు దిద్దాలో, దానికెంతో ముందే మాట్లాడుకోవాలి. ‘బొమ్మే కదా’ అని తొమ్మిదిసార్లు తిప్పించి, ఒక్కసారి డబ్బులే చేతిలో పెట్టడం న్యాయం కాదు. ఆ గుర్తుతో వ్యాపారం నాలుగు కాలాలు నిలిస్తే, గీసిందెవరో నలుగురికీ చెప్పడానికి ఖర్చేమీ కాదు కూడా.

బెజవాడలో వెంకయ్య గీసిన ఆ జెండాలో ఇప్పుడు రాట్నం లేదు, ఎరుపు లేదు. తర్వాత చేర్చిన తెలుపు మాత్రం ఉంది. మిగిలినవాళ్లేరీ అని అడిగితే వచ్చిన తెలుపు అది. మొదట పైన ఉండేది, ఇప్పుడు నట్టనడుమ ఉంది.